వంటింటి కిటికీ మీద ఆకుపచ్చ బల్లి, అత్తయ్యకి ఒకటే టెన్షన్. అండమాన్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

పలాస_ఆడపడుచు
మేం పోర్ట్ బ్లెయిర్ పక్కన గారచర్మలో ఉంటాం. పెళ్లయి ఇక్కడికొచ్చి నాలుగేళ్లు. వంటింటి కిటికీకి ఆనుకుని అరటిచెట్టు ఉంది. ఆ చెట్టు మీద రెండు బల్లులున్నాయి. వాటిలో ఒకటి రోజూ తొమ్మిదింటికల్లా కిటికీ ఊచల మీదికి దిగుతుంది. మన ఊళ్లో బల్లిలా బూడిద రంగు కాదు, చిలకపచ్చ. వీపు మీద ఎర్రచుక్కలు, తోక నీలం. పట్టపగలే తిరుగుతుంది. రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గర ఒక్కసారి కూడా చూడలేదు.

పోయిన వారం అత్తయ్య పలాస నుంచి వచ్చారు. చూసీ చూడగానే "పచ్చబల్లి! అన్నంలో పడితే ఇంటిల్లిపాదీ పోతాం" అని మొదలు. రెండు రోజులు వంటింట్లో కాలు పెట్టలేదు. నిన్న పక్కింటాయన బొద్దింకల స్ప్రే తెచ్చి అరటి మట్టల మీద కొట్టేశాడు. సాయంత్రం చూస్తే రెండు బల్లుల్లో ఒకటి గట్టు మీద పడి ఉంది. చేతిలోకి తీసుకుంటే నా మధ్యవేలంత కూడా బరువు లేదు. పొద్దున్న అంత పచ్చగా ఉన్నది మసిబారిపోయింది. ఏడుపొచ్చేసింది నాకు.

ఇంకోటి మిగిలింది. అసలు ఇది విషమా కాదా? అత్తయ్యకి ఎలా చెప్పాలి?

జంగ్లీఘాట్_కుర్రోడు
విషం లేదు గిషం లేదు అక్కా. మా ఇంటి కొబ్బరిచెట్టు మీద డజను ఉంటాయి. చిన్నప్పుడు చక్కెర నీళ్లు పెడితే వచ్చి నాకేవి. చేతి మీద కూడా ఎక్కేవి.

రాజాం_రాంబాబు
మా తాతగారి ఊళ్లో పెళ్లి సాంబార్లో బల్లి పడి యాభై మందికి వాంతులు అయ్యాయి. విషం లేదని అంత తేలిగ్గా అనకండి.

జువాలజీ_మాష్టారు
రాంబాబుగారూ, వాంతులు నిజమే. కారణం బల్లి విషం కాదు. మన ఇళ్లలో తిరిగే ఏ బల్లికీ విషం లేదు. దాని ఒంటి మీద, పేగుల్లో సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు. బల్లి పడిన వంట పారబొయ్యాల్సిందే, ఈగలు ముసిరిన వంట పారబోసినట్టే. సగం వాంతులు భయం వల్ల కూడా అవుతాయి, పక్కవాడు కక్కితే మనకీ కడుపులో తిప్పుతుంది.

ఇక ఆడపడుచుగారు చెప్పిన గుర్తులన్నీ అండమాన్ పగటి బల్లివి. శాస్త్రీయ నామం ఫెల్సూమా అండమానెన్సిస్. 1861లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి పేరు పెట్టాడు. బల్లుల్లో ఎక్కువభాగం రాత్రి తిరిగేవి, వాటి కంటిపాప పిల్లి కన్నులా నిలువు చీలిక. దీని కంటిపాప గుండ్రం. రేపు అది ఊచ మీద ఆగినప్పుడు కన్ను గమనించండి. రెప్పలుండవు, నాలుకతో కన్ను తుడుచుకుంటుంది. పురుగుల్నీ తింటుంది, పూల తేనె, పండు రసం కూడా నాకుతుంది. మీ అరటిచెట్టు దగ్గర ఎందుకు ఉందంటారు? అరటిపువ్వు కోసమే.

అసలు ముచ్చట చెప్తాను. ఈ ఫెల్సూమా కుటుంబం అంతా మడగాస్కర్, మారిషస్, సీషెల్స్, కొమొరోస్ వైపు ఉంటుంది. డజన్ల కొద్దీ రకాలు, అన్నీ హిందూ మహాసముద్రానికి ఆ పక్కన. ఒక్క ఈ రకం మాత్రం వేల కిలోమీటర్ల దూరంలో, మీ వంటింటి కిటికీ మీద. మధ్యలో భారతదేశం మెయిన్‌లాండ్‌లో ఎక్కడా లేదు. శ్రీకాకుళంలో లేదు, చెన్నైలో లేదు. నిన్న స్ప్రేతో చచ్చింది అటువంటి బల్లి.

పలాస_ఆడపడుచు
మాష్టారూ, ఇది చదివాక ఇంకా బాధగా ఉంది. మడగాస్కర్ చుట్టాలు అంటే అత్తయ్య నమ్మరు గానీ, కంటిపాప సంగతి రేపు చూపిస్తా.

నైట్_డ్యూటీ
బల్లి మీద పడితే ఏం ఫలం అని బల్లిశాస్త్రంలో ఉంటుంది కదా, పచ్చబల్లికి అందులో ఏమీ రాయలేదని చెప్పండి మీ అత్తయ్యకి. దోషం లేదు, కంచికి వెళ్లి బంగారు బల్లిని ముట్టుకోనక్కర్లేదు 😄

జంగ్లీఘాట్_కుర్రోడు
అక్కా, స్ప్రే మాత్రం ఆపించండి. బొద్దింక చావకముందే దాన్ని తిన్న బల్లి చస్తుంది. ఇంకో బల్లి కూడా ఉంది ఇక్కడ, పెద్దది, అడవి పక్క ఇళ్లలో రాత్రిపూట గట్టిగా అరుస్తుంది. అది విని మా పిన్ని మొదటిసారి వచ్చినప్పుడు దొంగలనుకుని బిందె మోగించింది.

జువాలజీ_మాష్టారు
అది అండమాన్ పెద్ద బల్లి, గెకో వెర్రూక్సీ. అదీ ఈ దీవుల సొత్తే.

ట్రిప్_ప్లానర్
టాపిక్ మారుస్తున్నందుకు సారీ. మేం డిసెంబర్లో హైదరాబాద్ నుంచి వస్తున్నాం. నీలం నలుపు చారల పాము ఒడ్డున రాళ్ల మీద పడుకున్న వీడియో చూసి మా ఆవిడ స్నార్కెలింగ్ క్యాన్సిల్ అంటోంది. నిజంగా అంత ప్రమాదమా?

జంగ్లీఘాట్_కుర్రోడు
అది మా వలల్లో పడుతూనే ఉంటుంది. మా నాన్న తోక పట్టుకుని తీసి నీళ్లలోకి వదిలేస్తాడు. నలభై ఏళ్లలో ఒక్కసారి కరవలేదు.

నైట్_డ్యూటీ
నాన్నగారికి దండం. కానీ ఎవరూ అలా చెయ్యకండి. ఆ పాముది నరాల మీద పనిచేసే విషం, కట్లపాము విషం లాంటిదే. కరవదు అన్న మాట నిజమే, చాలా సాధువు. నోట్లో వేలు పెట్టేంత చనువు మాత్రం వద్దు.

జువాలజీ_మాష్టారు
దాని పేరే సముద్రపు కట్లపాము. అసలైన సముద్రపు పాములు నీళ్లలోనే పిల్లల్ని పెడతాయి, జన్మలో ఒడ్డెక్కవు. ఇది అలా కాదు. వేట సముద్రంలో, మిగతా సంసారం అంతా ఒడ్డున. తిన్నది అరిగించుకోడానికి, కుబుసం విడవడానికి, గుడ్లు పెట్టడానికి రాళ్ల సందుల్లోకి వస్తుంది. తోక చూడండి, తెడ్డులా బల్లపరుపుగా ఉంటుంది. స్నార్కెలింగ్ నిశ్చింతగా చెయ్యండి. కనిపిస్తే రెండు బారలు దూరం జరగండి, చాలు.

ట్రిప్_ప్లానర్
థాంక్స్ సర్. ఇది చూపిస్తే ఒప్పుకుంటుందనుకుంటా.

నైట్_డ్యూటీ
పాముల మాట వచ్చింది కాబట్టి పెద్ద పోస్ట్ పెడుతున్నా, ఓపిగ్గా చదవండి. నేను మూడేళ్లు అండమాన్‌లో ఒక చిన్న ఆస్పత్రిలో నర్సుగా చేశాను. విజయనగరం నుంచి వెళ్లినప్పుడు నా లెక్క ఏంటంటే, పాము కరిస్తే యాంటీవెనం ఎక్కించాలి, అంతే. అక్కడికి వెళ్లాక తెలిసింది.

మనదేశంలో దొరికే యాంటీవెనం నాలుగు పాముల విషంతో తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఆ విషం ఎక్కువభాగం తమిళనాడులోని ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచే వస్తుంది. అంటే అక్కడ దొరికే పాముల విషం. అండమాన్‌లో రక్తపింజర లేదు, చిన్న పింజర లేదు. ఉన్న నాగుపాము వేరే జాతి, అండమాన్ నాగు. కట్లపాము కూడా వేరే, అండమాన్ కట్లపాము. ఇవి రెండూ ఈ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేవు. ఇంకా ఒక పిట్ వైపర్ ఉంది, అది ఒక్కోచోట ఒక్కో రంగులో ఉంటుంది, పచ్చ, గోధుమ, మచ్చలు. దాని కాటుకి ఈ యాంటీవెనం తయారే కాలేదు.

ఒక రాత్రి వక్క తోటలో పనిచేసే ఆయన్ని తెచ్చారు. సోంపేట వైపు మనిషి. చెయ్యి మోచేతి దాకా గుమ్మడికాయలా వాచింది. కాటు పైన తాడుతో బిగించి కట్టారు, బ్లేడుతో గాటు కూడా పెట్టారు. వైపర్ కాటు కన్నా ఆ గాటు పుండే ఎక్కువ రోజులు పీడించింది ఆయన్ని. అక్కడి ఈ పిట్ వైపర్ కాటుతో ప్రాణం పోవడం అరుదు, డాక్టరుగారు నొప్పికి, వాపుకి వైద్యం చేసి కనిపెట్టుకుని ఉన్నారు. కానీ నాగు, కట్లపాము కాటు అలా కాదు, ఊపిరి ఆగిపోతుంది, వెంటిలేటర్ దాకా చేరడమే ప్రాణం.

అందుకే చెప్తున్నా. కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, పీల్చొద్దు. చెయ్యి కాలు కదలకుండా పెట్టి వెంటనే బయల్దేరండి. పామును చంపి తేనక్కర్లేదు, దూరం నుంచి ఫోన్లో ఫొటో తీయగలిగితే మంచిదే, లేకపోతే లేదు. చిన్న దీవిలో ఉంటే బోటు ఎప్పుడు దొరుకుతుందో ముందే తెలుసుకుని పెట్టుకోండి. ఈ దీవుల పాములకి సరిపోయే యాంటీవెనం ఎవరైనా తయారు చెయ్యాలని ఆ రోజు నుంచి దేవుణ్ని కోరుకుంటున్నా.

డిగ్లీపూర్_అప్పన్న
నర్సమ్మ చెప్పింది అక్షరాలా నిజం. మా పెదనాన్నకి కట్లపాము కరిచింది, నేల మీద పడుకున్నప్పుడు. కరిచినట్టే తెలియలేదు. పొద్దున కళ్లు తెరవలేకపోయాడు, రెప్పలు వాలిపోయాయి. పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లేసరికి... బతికాడు, ఆ దేవుడి దయ. అప్పట్నుంచి మా ఇంట్లో అందరికీ మంచం, దోమతెర.

రాజాం_రాంబాబు
ఇన్ని విషప్పాములు ఉన్నచోట మనవాళ్లు ఎలా ఉంటున్నారు బాబూ. కనిపిస్తే చంపకుండా పూజ చెయ్యమంటారా?

డిగ్లీపూర్_అప్పన్న
నాగులచవితికి పుట్టలో పాలు పోసేది మనమే కదా రాంబాబన్నా. నేను పూజ చెయ్యమనట్లేదు. టార్చి లైటు, గమ్‌బూట్లు, మంచం. ఈ మూడూ ఉంటే వాటి దారి వాటిది.

జంగ్లీఘాట్_కుర్రోడు
పాములు సరే. మొసళ్ల సంగతి ఎవరూ ఎత్తరేం? మేం పడవ వాళ్లం, మాకు పాముల కన్నా అదే భయం. మా చిన్నాన్న ఆరేళ్ల క్రితం మడ అడవి పాయలో పీతలకి వెళ్లాడు. నడుము లోతు నీళ్లు. తొడ పట్టుకుంది. తోటివాడు తెడ్డుతో కొడితే వదిలింది. ఇప్పటికీ కుంటుతాడు. మా వీధిలో ఒకాయన అసలు తిరిగే రాలేదు. చంపితే కేసు, చంపకపోతే మేం చస్తాం. అడవి ప్రాణి, ప్రత్యేకత అని చెప్పేవాళ్లు ఒక్క రాత్రి మా పడవలో రండి.

జువాలజీ_మాష్టారు
తమ్ముడూ, నీ కోపంలో న్యాయం ఉంది. నీకు సర్ది చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. తెలిసింది మాత్రం చెప్తాను.

ఇది ఉప్పునీటి మొసలి. ఇప్పుడు బతికున్న సరీసృపాల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది, మగది ఐదు మీటర్లు దాటుతుంది. మనదేశంలో ఒడిశా భితర్‌కనిక, సుందర్‌బన్స్, అండమాన్ నికోబార్, ఈ మూడు చోట్లే మిగిలింది. చర్మం కోసం వేటాడి వేటాడి దాదాపు ఊడ్చేశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో పెట్టారు, 1975లో మొసళ్ల ప్రాజెక్టు మొదలైంది. అప్పట్నుంచి పెరిగాయి, మనుషులూ పెరిగారు.

డిగ్లీపూర్_అప్పన్న
ఇంకోటి మర్చిపోతున్నారు మాష్టారూ. సునామీ. 2004లో దక్షిణ అండమాన్ కుంగింది, మా ఉత్తరం వైపు నేల లేచింది. సిప్పీఘాట్ దగ్గర వరిచేలు ఉప్పునీళ్లలో మునిగి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పొలం పోయి చిత్తడి అయింది. చిత్తడి ఉన్నచోటికి మొసలి వస్తుంది. అది మన ఇంటికి రాలేదు, మన పొలమే దాని ఇల్లయిపోయింది.

జంగ్లీఘాట్_కుర్రోడు
అప్పన్నా, అది ఒప్పుకుంటా. చేపల కోత చెత్త, కోళ్ల చెత్త పాయల్లో పారేస్తున్నది కూడా మనవాళ్లే. మా జెట్టీ దగ్గర నేనే చూశాను, సాయంత్రం ఆరింటికి చెత్త బుట్ట బోర్లించే టైముకి అది నీళ్లలో కళ్లు మాత్రం పైకి పెట్టి రెడీగా ఉంటుంది. అలవాటు చేసింది మనమే. అయినా పీతలకి వెళ్లేవాడికి ఇంకో పని చూపించకుండా "నీళ్లలోకి దిగొద్దు" అని బోర్డు పెడితే సరిపోతుందా?

ట్రిప్_ప్లానర్
బీచిల్లో కూడా వస్తాయా?? ఇప్పుడు నాకు టెన్షన్.

నైట్_డ్యూటీ
వస్తాయి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక అమెరికన్ అమ్మాయిని చంపింది, సముద్రంలోనే. వల కట్టిన చోట, లైఫ్‌గార్డు ఉన్న చోట మాత్రమే దిగండి. పాయ సముద్రంలో కలిసే చోటికి అసలు పోవద్దు. చీకటి పడ్డాక నీళ్లలో ఉండొద్దు. ఎర్రబోర్డు ఉంటే బోర్డు మాట వినండి.

పలాస_ఆడపడుచు
నా బల్లి నుంచి మొసలి దాకా వచ్చారు 😊 చెప్పండి, వింటున్నా. అత్తయ్య కూడా పక్కన కూర్చుని చదివించుకుంటున్నారు. ఉడుము గురించి అడగమంటున్నారు. మొన్న గుడి వెనకాల ఒకటి చూసి మొసలిపిల్ల అనుకున్నారు.

డిగ్లీపూర్_అప్పన్న
నీటి ఉడుము. మన ఊరి ఉడుము కన్నా పెద్దది. మా కోళ్ల గుడ్లు తింటుంది, కోపం వస్తుంది నిజమే. కానీ చచ్చిన చేప, చచ్చిన ఎలుక, అన్నీ అదే శుభ్రం చేస్తుంది. దాన్ని కూడా కొందరు కూరకి పడుతున్నారు. పట్టుబడితే జైలే, షెడ్యూల్ వన్.

కాకినాడ_కెరటం
ఉడుము మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన పూజా సామాన్ల దుకాణాల్లో, ఆన్‌లైన్లో "హత్తా జోడీ" అని నమస్కారం పెట్టిన చేతుల్లా ఉండే వేరు అమ్ముతారు, ధనలాభం అని. అది వేరు కాదు. మగ ఉడుము మర్మాంగాన్ని కోసి ఎండబెట్టింది. దయచేసి ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి. మా అమ్మ గల్లాపెట్టెలో ఒకటి ఉండేది, చెప్పాక అటవీశాఖ వాళ్లకి ఇచ్చేసింది.

పలాస_ఆడపడుచు
అయ్యో. అత్తయ్య మొహం చూడాలి మీరు. మా పలాస షాపులో కూడా ఒకటి ఉందట. ఇప్పుడే మావయ్యకి ఫోన్ చేస్తున్నారు.

కాకినాడ_కెరటం
మీ అత్తయ్యకి నా నమస్కారం చెప్పండి.

నేను ఇక్కడ తీరంలో తాబేళ్ల గుడ్లు కాపాడే పనిలో సాయం చేస్తుంటాను. జనవరి నుంచి మార్చి దాకా పొద్దున్నే నడిస్తే ట్రాలర్ వలల్లో ఊపిరాడక చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్లు వరసగా ఒడ్డున ఉంటాయి. చేపలవేట నిషేధం ఏప్రిల్ 15కి గానీ మొదలవదు, అప్పటికి జరగాల్సింది జరిగిపోతుంది. అందుకే అండమాన్ తాబేళ్ల గురించి తెలుసుకోవాలని ఉంది. అప్పన్నగారూ, కాలీపూర్ మీ దగ్గరే కదా?

డిగ్లీపూర్_అప్పన్న
ఇంటికి పావుగంట. రెండు సీజన్లు అటవీశాఖ హేచరీలో కూలికి పనిచేశాను. నాలుగు రకాల తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డు అది. ఆలివ్ రిడ్లే, పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్. మిగతావి మామూలుగా వస్తుంటాయి, లెదర్‌బ్యాక్ కోసం ఎదురుచూడాలి.

నేను ఒక్కసారే చూశాను. రాత్రి రెండు దాటింది, చంద్రుడు లేడు. అలల్లోంచి బోర్లించిన పడవ జరుగుతున్నట్టు వచ్చింది. పెంకు ఉండదు దానికి, నల్లటి తోలు, దాని మీద నిలువు గట్లు. వెనక రెక్కలతో గొయ్యి తవ్వుతుంటే చూడాలి. ఒక రెక్కని చిప్పలా చేసి ఇసుక ఎత్తి పక్కన పోస్తుంది, రెండో రెక్క అంతలో ఇసుకని దూరంగా నెడుతుంది. చూడకుండానే చేస్తుంది ఇదంతా. ఊపిరి వదిలితే మా పెద్దెద్దు రొప్పినట్టే. కళ్లలోంచి జిగురు కారుతుంది, ఏడుస్తోంది అంటారు గానీ అది ఒంట్లో ఉప్పు బయటికి పంపడం అని రేంజరు సారు చెప్పారు. మా పక్కన కూర్చున్న కుర్రాడు చెయ్యి జోడించాడు. నేనూ జోడించాను.

కాకినాడ_కెరటం
మీరు అదృష్టవంతులు. వందల కిలోలు తూగే ప్రాణి. లిటిల్ అండమాన్‌లో కొన్నిటికి శాటిలైట్ ట్యాగ్‌లు వేస్తే కొన్ని ఆస్ట్రేలియా పడమటి తీరానికి, కొన్ని మొజాంబిక్ వైపుకి వెళ్లాయి. గుడ్లు పెట్టడానికి మాత్రం ఈ దీవులకే వస్తాయి.

మనదేశంలో వాటి అతి ముఖ్యమైన చోటు గ్రేట్ నికోబార్‌లో గలాతియా బే. సునామీకి ఆ దీవి కుంగి ఇసుకతీరం పోయింది, ఏళ్ల మీద మళ్లీ ఇసుక చేరింది, తాబేళ్లూ మళ్లీ వచ్చాయి. అక్కడే పెద్ద ఓడరేవు కట్టాలని నిర్ణయించారు. 2021 జనవరిలో అభయారణ్యం హోదా తీసేశారు, 2022 నవంబర్లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. విమానాశ్రయం, టౌన్‌షిప్, పవర్ ప్లాంట్, అన్నీ కలిపి 72,000 కోట్ల రూపాయల లెక్క చెప్పారు.

రాజాం_రాంబాబు
దేశానికి ఓడరేవు అక్కర్లేదా? మన సరుకు సింగపూర్, కొలంబో వెళ్లి మారుతోంది. మలక్కా జలసంధి ముఖద్వారంలో ఉన్న చోటు అది. తాబేలు ఇంకో ఒడ్డుకి పోతుంది.

కాకినాడ_కెరటం
పోదు అన్నా. అదే బాధ. గుండ్రాయి, బురద, నిటారు ఒడ్డు పనికిరావు. లోతైన నీళ్ల నుంచి నేరుగా ఎక్కగలిగే వాలు, తవ్వగలిగే ఇసుక కావాలి. ఓడలకీ తాబేలుకీ కావలసింది ఒకే చోటు అయింది. ఓడరేవు అక్కర్లేదని నేను అనను, ఈ ఒడ్డున వద్దంటాను.

జువాలజీ_మాష్టారు
ఒక్క తాబేలే కాదు. నికోబార్ జంతువులకీ అండమాన్ జంతువులకీ పోలిక తక్కువ, మధ్యలో పది డిగ్రీల ఛానెల్ ఉంది. అండమాన్ పోలికలు బర్మా వైపు, నికోబార్ పోలికలు సుమత్రా వైపు. నికోబార్‌లో కాళ్లూ కళ్లూ దాదాపు లేని బల్లి ఉంది, డైబామస్ నికోబారికమ్, వానపాములా మట్టిలో బతుకుతుంది. ఆ ప్రాజెక్టు కోసం 130 చదరపు కిలోమీటర్ల అడవి తీసేస్తే ఇలాంటివాటికి పక్క ఊరు అంటూ ఉండదు.

రాజాం_రాంబాబు
సరే, ఆ ఒడ్డు గురించి నేను ఇంకా చదువుతాను. నా మాట వెనక్కి తీసుకోవట్లేదు గానీ, ఇంకో ఒడ్డు ఉందనుకున్నాను, అది తప్పే కావొచ్చు.

నైట్_డ్యూటీ
ఓడరేవు దాకా ఎందుకు, మెల్లగా చంపేవి కూడా ఉన్నాయి. బ్రిటిష్ వాళ్లు వేట కోసం తెచ్చి వదిలిన దుప్పులు అండమాన్ అడవంతా మేసేస్తున్నాయి, వాటిని తినే పులి లేదు.

జువాలజీ_మాష్టారు
అవును, దుప్పులున్న దీవుల్లో పొదల మీద బతికే తొండలు బాగా తగ్గాయని 2016లో వచ్చిన పరిశోధన. పొద పోతే తొండ పోతుంది. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన పెద్ద కప్ప ఇంకోటి, నోట్లో పట్టిన బల్లినల్లా మింగుతుంది.

పలాస_ఆడపడుచు
రెండు వార్తలు.

ఒకటి. పక్కింటాయనకి మాష్టారి పోస్ట్ చదివి వినిపించాను. పాపం, ఆయనకి తెలీదు. స్ప్రే డబ్బా తెచ్చి నాకే ఇచ్చేశాడు, "చెల్లెమ్మా నువ్వే ఉంచు" అని.

రెండు. ఇవాళ పదకొండింటికి అత్తయ్య కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నారు. అరటిపువ్వు దొప్ప ఎత్తిన చోట బల్లి తల్లకిందులుగా వేలాడి తేనె నాకుతోంది. కంటిపాప గుండ్రంగానే ఉంది మాష్టారూ, నల్ల ఆవగింజలా. అత్తయ్య కదలకుండా చూసి "నాలుక ఎర్రగా ఉందే" అన్నారు, అంతే. వంట కూడా ఇవాళ ఆవిడే చేశారు, మూతలు మాత్రం అన్నిటికీ పెట్టారు. పెట్టమనే నేనూ చెప్పాను.

కరెంటు మీటరు డబ్బా వెనక రెండు తెల్లటి గుడ్లు కూడా కనిపించాయి, పెసరగింజ కన్నా పెద్దవి, గోళీ కన్నా చిన్నవి. వీటివేనా? తీసి భద్రంగా ఎక్కడైనా పెట్టనా?

జువాలజీ_మాష్టారు
వీటివే కావచ్చు, ఒక్కో విడతకి రెండే పెడుతుంది. తియ్యొద్దు, తిప్పొద్దు. పక్షి గుడ్డులా కాదు, దొర్లిస్తే లోపలి పిండం చచ్చిపోవచ్చు. నెలన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

పలాస_ఆడపడుచు
సరే. డబ్బా మీద కాగితం అంటించాను, తెరవొద్దని హిందీలో, తెలుగులో, బెంగాలీలో. మీటరు రీడింగుకి వచ్చే అబ్బాయి నంబరు తీసుకుని ముందే ఫోన్ చేసి చెప్పాను. అత్తయ్య టికెట్ ఇరవయ్యో తారీఖుకి ఉంది, పిల్లలు బయటికొచ్చాక వెళ్తానంటున్నారు.